గేటు తాళం ఎవరి దగ్గర ఉంది?

(యలహంకలో జరిగిన తెలుగు యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఆదివారం ఓటీ వదులుకుని వచ్చినవాళ్లు ఇక్కడ కొందరున్నారని నాకు తెలుసు. ఆ ఓటీ డబ్బు మీకెంత అవసరమో కూడా తెలుసు. అందుకే ఊరికే మాట్లాడి మీ టైం పాడుచేయను. ఇవాళ నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలనుకుంటున్నాను. దాని నుంచి మనందరం నేర్చుకోవలసింది కూడా ఉంది.

ముందు ఒక ప్రశ్న. హిందూపురం, మడకశిర, పెనుకొండ వైపు నుంచి వచ్చినవాళ్లు చేతులెత్తండి. చింతామణి, శ్రీనివాసపుర, కోలారు వైపు వాళ్లు? చూశారా, ముప్పావు వంతు మంది అయిపోయారు. మన యలహంక జంక్షన్ నుంచి ఒక లైను దొడ్డబళ్లాపుర, గౌరిబిదనూరు మీదుగా హిందూపురం పోతుంది. ఇంకో లైను దేవనహళ్లి, చిక్కబళ్లాపుర, చింతామణి మీదుగా కోలారు పోతుంది. రెండూ తెలుగు మాట్లాడే ఊళ్ల గుండా పోయేవే. ఈ రెండు పట్టాల మీదే మన తల్లిదండ్రులు బెంగళూరికి పనికి వచ్చారు. ఇప్పుడు ఆ పట్టాల పక్కన పొలాల్లో ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. వాటికి మనుషులు కావాలి. ఆ మనుషులు ఎక్కడి నుంచి, ఎలా వస్తున్నారు అనేదే ఇవాళ్టి విషయం.

నేను చేసిన పని

పదేళ్ల క్రితం నేను మొబిలైజర్‌గా పనిచేశాను. ఆ మాట తెలియనివాళ్లకు చెబుతాను. పల్లెల్లో తిరిగి, ఫ్యాక్టరీ పనికి యువతను పోగుచేసి, ట్రైనింగ్‌కో నేరుగా పనికో పంపేవాళ్లను మొబిలైజర్ అంటారు. నాకు తలకు ఇంత అని ఇచ్చేవారు. "తలకు" అన్న మాట మేకల సంతలో వినపడే మాట. అప్పట్లో నాకు అది తట్టలేదు.

మాది మడకశిర వైపు పల్లె. వేరుశనగ వేస్తే వాన రాదు, వాన వస్తే ధర రాదు. ఇంటర్ చదివి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలు ప్రతి వీధిలో ఉండేవారు. మా సంఘంలో ఆరాధన అయ్యాక పాస్టరుగారి అనుమతితో మైకులో చెప్పాను. కుట్టు ఫ్యాక్టరీలో పని, హాస్టల్, భోజనం, పీఎఫ్, ఈఎస్ఐ ఉంటాయని, బెంగళూరు పక్కనే అని చెప్పాను. పద్నాలుగు మంది పేర్లు ఇచ్చారు. నెల తిరిగేలోపు, వాళ్లను తీసుకెళ్లిన కాంట్రాక్టరు మా సంఘానికి కొత్త మైక్‌సెట్టు కానుకగా ఇచ్చాడు. అందరం చప్పట్లు కొట్టాం. దేవునికి స్తోత్రం అన్నాం.

ఆ ఫ్యాక్టరీ బెంగళూరులో లేదు. బెంగళూరు గ్రామీణ జిల్లాలో ఒక పల్లె అంచున ఉంది. చుట్టూ యూకలిప్టస్ తోపులు. అంత దూరంలో ఎందుకు కట్టారంటే అక్కడ భూమి చవక. కర్ణాటకలో కనీస వేతనం జోన్లవారీగా ఉంటుంది, నగరం దాటితే అదీ తగ్గుతుంది. అయితే ఆ పల్లె పిల్లలు ఆ జీతానికి ఆ పనికి రారు. వాళ్లు బస్సెక్కి నగరానికి పోతారు. అందుకే నాలాంటివాళ్లను పెట్టి దూరం నుంచి మనుషుల్ని తెప్పించారు.

ఆ పద్నాలుగు మందిలో ఒక చెల్లికి పందొమ్మిదేళ్లు. చేరిన ఆరు నెలలకు వాళ్లమ్మకు బాగా జబ్బు చేసింది. బుధవారం రాత్రి నాకు ఫోన్ చేసింది. "అక్కా, మా అమ్మను ఒకసారి చూసి రావల్ల. మూడు దినాలు చాలు. వార్డెనమ్మ గేట్‌పాస్ ఇయ్యలేదు" అంది. నేను సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను. షిప్‌మెంట్ వారం, శనివారం దాకా ఎవరికీ సెలవు లేదు అన్నాడు. నేను ఆ పిల్లకు మళ్లీ ఫోన్ చేసి, "ఓపిక పట్టమ్మా, ప్రార్థన చేద్దాం" అన్నాను. శుక్రవారం రాత్రి వాళ్లమ్మ చనిపోయింది.

సమాధి కార్యక్రమానికి నేను పోయాను. ఆ పిల్ల నన్ను తిట్టలేదు. ఒక్క మాట అడిగింది. "అక్కా, మమ్మల్ని తోలుకపోయేటప్పుడు ఆ గేటు తాళం ఎవరి దగ్గర ఉంటాదని నువ్వు అడిగినావా?"

అడగలేదు. జీతం ఎంతో అడిగాను. భోజనం పెడతారా అని అడిగాను. తాళం సంగతి అడగలేదు. ఆ నెలతో ఆ పని మానేశాను. మానేసినంత మాత్రాన ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

మూడు రోజుల సెలవు

ఆ తర్వాత కొన్నాళ్లకు నిర్గమకాండము ఐదో అధ్యాయం చదువుతుంటే చెయ్యి ఆగిపోయింది. మోషే, అహరోను ఫరో దగ్గరికి వెళ్లి మొదట ఏమడిగారో గుర్తుందా? అరణ్యంలోకి మూడు రోజుల ప్రయాణం పోయి దేవునికి బలి అర్పించి వస్తామన్నారు. మన భాషలో చెప్పాలంటే సెలవు అడిగారు. ఫరో ఏం చేశాడు? సెలవు ఇవ్వలేదు, టార్గెట్ పెంచాడు. ఇంతకు ముందు గడ్డి ఇచ్చేవారు, ఇప్పుడు గడ్డి మీరే తెచ్చుకోండి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదు అన్నాడు. పైగా వాళ్లను సోమరులన్నాడు. పని లేక సెలవు అడుగుతున్నారని అన్నాడు.

ఈ మాట ఇవాళ కూడా వింటున్నాం కదా. "ఈ కాలం పిల్లలకు పని చేయాలని లేదు, అందుకే కార్మికుల కొరత" అని ఎంతమంది అనగా విన్నాం! మన సంఘాల్లోని పెద్దలు కూడా అంటారు. ఫరో మాట మన నోట ఎలా వచ్చిందో ఒకసారి ఆలోచించండి.

కొరత ఉందా అంటే ఉంది. దాన్ని నేను కాదనను. ఫ్యాక్టరీలో మెషీన్లు ఖాళీగా ఉంటే యజమాని నష్టపోతాడు, అదీ నిజమే. అయితే దేనికి కొరత? బజారులో టమాటా కిలో ఐదు రూపాయలకే కావాలని పట్టుబడితే ఎవరూ అమ్మరు. అప్పుడు టమాటాకు కొరత వచ్చింది అనం. నువ్వు ఇచ్చే ధర చాలదు అంటాం. మనిషి విషయంలో మాత్రం మాట మారిపోతుంది. జీతం పెంచడం, పని గంటలు తగ్గించడం, బస్సు వేయడం, పిల్లల్ని చూసుకునే క్రెష్ పెట్టడం అన్నీ పక్కన పెట్టి, ఇదే జీతానికి రాక తప్పని మనిషి ఏ జిల్లాలో, ఏ రాష్ట్రంలో ఉన్నాడా అని వెతుకుతారు. దాన్ని కొరత తీర్చడం అంటారు.

ఇది కొత్త కథ కాదు

సొలొమోను మందిరం కట్టిన సంగతి మనకు ఆదివారపు బడి నుంచీ తెలుసు. కట్టినవాళ్ల సంగతి ఎంతమందికి గుర్తుంది? మొదటి రాజుల గ్రంథం ఐదో అధ్యాయం చూడండి. రాజు ఇశ్రాయేలీయుల్లో 30 వేల మందిని వెట్టికి పట్టాడు. లెబానోను కొండలకు నెలకు 10 వేల మంది చొప్పున వంతులవారీగా పంపాడు. ఒక నెల అక్కడ పని, రెండు నెలలు ఇంటి దగ్గర. గమనించండి, సొలొమోను కూడా రెండు నెలలు ఇంటికి పంపాడు! మన ఫ్యాక్టరీల్లో కొన్ని ఆ మాత్రం కూడా పంపవు. అయినా ఆ వెట్టి జనం మనసులో పుండై మిగిలింది. సొలొమోను పోయాక, భారం తగ్గించమని జనం రెహబామును అడిగారు. అతను ఇంకా బరువు వేస్తానన్నాడు. వెట్టిపని మీద అధికారిగా ఉన్న అదోరామును జనం రాళ్లతో కొట్టి చంపారు. రాజ్యం రెండు ముక్కలైంది. ఆ హింసను నేను మెచ్చుకోవడం లేదు. జనం మెత్తగా అడిగినప్పుడు వినకపోతే ఏమవుతుందో వాక్యం దాచకుండా చూపిస్తోంది అంటున్నాను.

మన తెలుగువాళ్ల కథ తీసుకుందాం. కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరు విన్నారా? పందొమ్మిదో శతాబ్దంలో ఆ తీరం నుంచి మనవాళ్లు మారిషస్ చెరకు తోటలకు, రంగూన్ మిల్లులకు ఓడలెక్కారు. మారిషస్‌లో తెలుగువాళ్లకు కోరంగీలు అనే పేరే పడింది. అక్కడా సమస్య కార్మికుల కొరతే. బానిసత్వం రద్దయ్యాక తోటల యజమానులు కాగితం మీద ఒప్పందం రాయించుకుని మనుషుల్ని తెప్పించుకున్నారు. చదవడం రానివాళ్ల చేత వేలిముద్ర వేయించుకున్న కాగితం అది. ఆ పద్ధతిని ఎదిరించినవాళ్లలో ఒక క్రైస్తవ సేవకుడున్నాడు. సి.ఎఫ్. ఆండ్రూస్. దీనబంధు అని జనం పిలుచుకున్నది ఆయన్నే. 1915లో పియర్సన్‌తో కలిసి ఫిజీ దీవులకు వెళ్లి, కూలి లైన్లలో మనవాళ్లు ఎలా బతుకుతున్నారో కళ్లారా చూసి నివేదిక రాశాడు. 1917లో భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను పంపడం ఆగింది. ఆయన చేసిన మొదటి పని వెళ్లి చూడటం. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఈ మాటకు వస్తాను.

మన చుట్టూ జరిగినవి

దూరపు కథలు వదిలేద్దాం. మన చుట్టుపక్కల, మన కళ్ల ముందు జరిగినవే చూద్దాం.

2014లో కేంద్ర ప్రభుత్వం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన మొదలుపెట్టింది. 15 నుంచి 35 ఏళ్ల లోపు గ్రామీణ పేద యువతకు శిక్షణ ఇచ్చి పని చూపించడం దాని ఉద్దేశం. మంచిదే. దీని కింద, ఇలాంటివే వేరే దారుల్లో, ఒడిశా, జార్ఖండ్ లాంటి రాష్ట్రాల నుంచి వేలాది మంది యువతులు బెంగళూరు చుట్టుపక్కల కుట్టు ఫ్యాక్టరీలకు వచ్చారు. 2018లో నెదర్లాండ్స్‌కు చెందిన ఇండియా కమిటీ, బెంగళూరులోని గార్మెంట్ లేబర్ యూనియన్ తదితరులు కలిసి ఒక నివేదిక తెచ్చారు. కంపెనీ హాస్టళ్లలో ఉండే వలస యువతులకు బయటికి వెళ్లే స్వేచ్ఛ సరిగా లేదని అందులో రాశారు. నేను చదివి అనుకున్నాను, మా ఊరి పిల్ల ఒక్క వాక్యంలో చెప్పింది ఇదే కదా అని.

2016లో పీఎఫ్ డబ్బు తీసుకోవడం మీద కొత్త ఆంక్షలు వచ్చాయి. యజమాని కట్టిన భాగం 58 ఏళ్లు నిండే దాకా ముట్టుకోకూడదన్నారు. నడుము విరిగేలా కుట్టే మనిషి ఆ మెషీను మీద 58 ఏళ్ల దాకా ఉంటుందా? వేలాది మంది గార్మెంట్ కార్మికులు, ఎక్కువమంది స్త్రీలు, బెంగళూరు రోడ్ల మీదికి వచ్చారు. రెండో రోజుకల్లా ప్రభుత్వం ఆ ఆంక్షలు వెనక్కి తీసుకుంది. ఆ స్త్రీలలో అత్యధికులు రోజూ ఇంటి నుంచి పనికి వెళ్లేవాళ్లు. హాస్టల్ గేటు లోపల ఉన్నవాళ్లకు రోడ్డు మీదికి రావడం అంత సులభమా? దూరం నుంచి తెచ్చిన మనిషే కావాలని కొందరు యజమానులు ఎందుకు కోరుకుంటారో ఇక్కడ అర్థమవుతుంది.

2020 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. లాక్‌డౌన్‌లో చిక్కుకున్న వలస కార్మికులకు ఊళ్లకు వెళ్లడానికి శ్రామిక్ రైళ్లు వేశారు. కర్ణాటకలో బిల్డర్లతో సమావేశం జరిగిన వెంటనే ప్రభుత్వం ఆ రైళ్లు వద్దని రైల్వేకు రాసింది. పనులు మళ్లీ మొదలవుతున్నాయి, మనుషులు పోతే ఎలా అన్నది ఆలోచన. దేశమంతా తప్పుపట్టాక ఒకటి రెండు రోజుల్లో ఆ నిర్ణయం మార్చుకున్నారు. ఆ రెండు రోజులు ఈ రాష్ట్రమే ఒక పెద్ద హాస్టల్ అయింది. గేటు తాళం కార్మికుడి దగ్గర లేదు.

అదే ఏడాది డిసెంబరు 12న కోలారు జిల్లా నరసాపురలోని విస్ట్రాన్ ఫ్యాక్టరీలో జీతాల గొడవ విధ్వంసంగా మారింది. కాంట్రాక్టు కార్మికులకు జీతాలు సరిగా, సమయానికి అందలేదని తర్వాత కంపెనీ ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. 2021 డిసెంబరులో తమిళనాడు శ్రీపెరుంబుదూరులో ఫాక్స్‌కాన్ కార్మికులుండే హాస్టల్‌లో ఆహారం కలుషితమై 150 మందికి పైగా యువతులు ఆస్పత్రి పాలయ్యారు. తోటి కార్మికులు జాతీయ రహదారి మీద కూర్చున్నాకే ఆ హాస్టళ్ల సంగతి లోకానికి తెలిసింది. ఇప్పుడు మన దేవనహళ్లి పక్కన అదే కంపెనీ పెద్ద ఫ్యాక్టరీ నడుస్తోంది, వేలాది మంది యువతులు చేరుతున్నారు. వాళ్లలో మన చెల్లెళ్లున్నారు. ఈసారి అంతా బాగుండాలని ప్రార్థిద్దాం. ప్రార్థించి ఊరుకోకుండా వెళ్లి చూద్దాం.

చట్టం ఏమంటోంది

ఒడిశాలో దాదన్ అనే పద్ధతి ఉండేది. దళారి ముందే కొంత సొమ్ము చేతిలో పెట్టి, మనిషిని దూరం తీసుకెళ్లి, ఆ బాకీ పేరుతో కట్టిపడేసేవాడు. దాని మీద ఆ రాష్ట్రం 1975లో చట్టం చేసింది. దేశమంతటికీ 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరు ద్వారా వచ్చిన కార్మికుడికి ఫొటోతో పాస్‌బుక్ ఇవ్వాలి, ఊరు వదిలినందుకు నెల జీతంలో సగం భత్యంగా ఇవ్వాలి, రానుపోను ఖర్చు, సరైన వసతి, ఉచిత వైద్యం ఇవ్వాలి అని అందులో ఉండేది. మీలో ఎవరికైనా ఆ సగం జీతం అందిందా? ఒక్క చెయ్యి కూడా లేవలేదు చూడండి. ఇప్పుడు 2020 నాటి కొత్త కోడ్ దాని స్థానంలోకి వచ్చింది, 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. అందులో ఆ స్థానభ్రంశ భత్యం లేదు. కాంట్రాక్టరు లేకుండా సొంతంగా వచ్చినవాళ్లను కూడా వలస కార్మికులుగా లెక్కించడం, ఊరికి వెళ్లి రావడానికి ప్రయాణ భత్యం ఇవ్వడం ఉన్నాయి. ఉన్నవైనా అడిగి తీసుకోవాలి కదా.

ఇంకొకటి. 1982లో ఢిల్లీ ఏషియాడ్ పనుల కూలీల కేసులో సుప్రీంకోర్టు ఒక గొప్ప మాట చెప్పింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకుంటే, అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తుందన్నది దాని సారాంశం. కొరడా ఉంటేనే వెట్టి అనుకోవద్దు, ఆకలి కూడా మనిషిని బలవంతం చేస్తుంది అని న్యాయమూర్తులు గుర్తించారు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం కూడా ఇదే చెబుతుంది. కూలివాడు నీ సహోదరుడైనా పరదేశియైనా సరే, సూర్యుడు అస్తమించక ముందే అతని కూలి ఇచ్చెయ్, ఎందుకంటే అతను దాని మీదే ప్రాణం పెట్టుకున్నాడు అని.

వెళ్లొద్దని చెప్పడం లేదు

ఇంత చెప్పాక, "అయితే అక్కా, పల్లెలోనే ఉండిపోవాలా?" అని మీరు అడగొచ్చు. వద్దు. నేను తీసుకెళ్లిన పద్నాలుగు మందిలో ఒకమ్మాయి ఆ జీతంతోనే చెల్లిని నర్సింగ్ చదివించింది. ఇంకొకమ్మాయి పదిహేడేళ్లకు తెచ్చిన సంబంధాన్ని "ఇప్పుడు కాదు" అని తిప్పి పంపగలిగింది. తన పేరు మీద బ్యాంకు ఖాతా ఉన్న ఆడపిల్ల ఇంట్లో మాట్లాడే తీరే వేరు. పని దేవుడిచ్చిన వరం. పని కోసం ఊరు దాటడం పాపం కాదు.

రూతు ఊరే కాదు, దేశమే దాటింది. బోయజు పొలంలో ఆమెకు ఏం దొరికిందో రెండో అధ్యాయంలో వరసగా ఉంది. ఎవరూ ఆమె మీద చెయ్యి వేయకూడదని పనివాళ్లకు గట్టిగా చెప్పాడు. దాహమేస్తే వాళ్లు తోడిన నీళ్లే తాగమన్నాడు. భోజనాల వేళ తనవాళ్ల పక్కన కూర్చోబెట్టాడు. సాయంత్రం ఆమె తన యవలు తాను దుళ్లగొట్టుకుని, అత్త దగ్గరికి ఇంటికి వెళ్లింది. భద్రత, నీళ్లు, భోజనం, సంపాదన చేతికి రావడం, ఇంటికి వెళ్లగలగడం. ఈ ఐదూ ఉంటే పరాయి పొలం కూడా ఆశీర్వాదమే.

మన యలహంకలోనే మంచి ఉదాహరణ ఉంది. 1984లో ఇక్కడ రైల్వే వాళ్ల చక్రాల ఫ్యాక్టరీ మొదలైంది. దూర ప్రాంతాల నుంచి వచ్చిన కార్మికులకు క్వార్టర్స్ కట్టారు. కుటుంబంతో వచ్చారు, పిల్లలు ఇక్కడే చదువుకున్నారు. ఇప్పుడు చాలాచోట్ల మనిషిలో రెండు చేతులు మాత్రమే కావాలంటున్నారు. ఆ చేతులకు ఒక తల్లి, ఒక బిడ్డ, ఒక ఆదివారం ఉంటాయని గుర్తుంచుకోవడం లేదు.

ఇంకో మాట జాగ్రత్తగా చెప్పాలి. బయటివాళ్లను రానివ్వకుండా గేటు మూసేస్తే సరిపోతుందని కొందరంటారు. 2019లో ఆంధ్రప్రదేశ్ పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని చట్టం చేస్తే మన ఊళ్లలో సంతోషించాం. 2024 జూలైలో కర్ణాటక ప్రభుత్వం అలాంటి బిల్లే తేబోతే ఇక్కడున్న మనకు గుండెలు జారాయి. ఆ బిల్లు ఆగింది కాబట్టి ఊపిరి పీల్చుకున్నాం. మనం ఒకచోట స్థానికులం, ఇంకోచోట పరదేశులం. పరదేశిని నీలాగే ప్రేమించు, నువ్వూ ఐగుప్తులో పరదేశివేగా అని లేవీయకాండము 19వ అధ్యాయంలో దేవుడు గుర్తుచేసింది ఇందుకే. జార్ఖండ్ నుంచి వచ్చి మీ పక్క మెషీను మీద కూర్చున్న అమ్మాయి మీ జీతం తగ్గించడానికి రాలేదు. ఆమె బలహీనతను వాడుకుని ఎవరైనా మీ జీతం తగ్గిస్తుంటే, ఆమె చెయ్యి వదిలేయకండి, పట్టుకోండి. ఆమెకు కన్నడం రాదు, తెలుగు రాదు. ముందు ఆమె పేరు అడగండి.

మనం చేయగలిగినవి

యువతకు మొదట. పనికి వెళ్లే ముందు నేను అడగకుండా వదిలేసిన ప్రశ్నలు మీరు అడగండి. జీతంలో హాస్టల్‌కు, భోజనానికి ఎంత కోస్తారు, చేతికి ఎంత వస్తుంది? ఆధార్, సర్టిఫికెట్లు అసలువి ఎవరి దగ్గర ఉంటాయి? జిరాక్స్ మాత్రమే ఇవ్వండి. పీఎఫ్ యూఏఎన్ నంబరు, ఈఎస్ఐ కార్డు మొదటి నెలలోనే తీసుకోండి. ఈఎస్ఐకి మీ జీతంలో 0.75 శాతం పోతుంది, కంపెనీ 3.25 శాతం కడుతుంది. అది మీ డబ్బు, మీ హక్కు. ఇంట్లో ఆపద వస్తే ఎన్ని గంటల్లో పంపిస్తారు? గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది? పని మానేస్తానంటే ఆ నెల జీతం ఇస్తారా? జవాబు చెప్పడానికి నసుగుతుంటే అదే మీకు జవాబు.

రెండోది, మనలోనే ఉన్న సూపర్‌వైజర్లకు, హెచ్ఆర్‌లో పనిచేసేవాళ్లకు, పీజీలు, హాస్టళ్లు నడిపేవాళ్లకు. మీ మీద పైనుంచి ఒత్తిడి ఉంటుందని తెలుసు. విదేశీ బ్రాండు వాడు షర్టు ధర తగ్గిస్తే ఆ బరువు మెట్లు దిగి దిగి చివరికి కుట్టే అమ్మాయి మీద పడుతుందనీ తెలుసు. అయినా మీ చేతిలో ఉన్న మెట్టు ఒకటుంది. ఆ సూపర్‌వైజర్ ఆ బుధవారం రాత్రి ఒక్క గేట్‌పాస్ మీద సంతకం పెట్టి ఉంటే షిప్‌మెంట్ ఆగేది కాదు. ఒక కూతురు తల్లిని చూసుకునేది. పట్టి ఉంచిన కూలి మొరపెడుతుందని, ఆ మొర సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవుల్లో పడుతుందని యాకోబు రాశాడు. పట్టి ఉంచిన సెలవు కూడా మొరపెడుతుందని నేను నమ్ముతాను.

మూడోది, సంఘాలకు. పాస్టరుగార్లు, పెద్దలు నన్ను క్షమించాలి. ఆరాధన తర్వాత ఉద్యోగ ప్రకటన చెయ్యడానికి ఎవరైనా వస్తే, ముందు సంఘం నుంచి ఇద్దరు, వాళ్లలో ఒకరు స్త్రీ, వెళ్లి ఆ ఫ్యాక్టరీ, ఆ హాస్టల్ చూసి రండి. ఆండ్రూస్ ఓడెక్కి సముద్రాలు దాటాడు. మనకు హిందూపురం ప్యాసింజరు చాలు. చూశాక ప్రకటన చేయండి. పంపాక నెలకొకసారి ఫోన్ చేయండి. ఆ కాంట్రాక్టరు నుంచి కానుక మాత్రం తీసుకోకండి. యలహంక, దొడ్డబళ్లాపుర, దేవనహళ్లి సంఘాలు ఆదివారం సాయంత్రం ఒక గంట గది తెరిచి ఉంచితే చాలు. పే స్లిప్ చదివి చెప్పేవాళ్లు ఒకరు, హిందీ, ఒడియా తెలిసినవాళ్లు ఒకరు, వేడి టీ ఉండాలి. ఏ మతం అని అడగక్కర్లేదు. ఆపదలో 112, స్త్రీలకైతే 181 నంబరు గోడ మీద పెద్ద అక్షరాల్లో రాయండి.

చెరలోకి పోయినవాళ్లకు యిర్మీయా 29వ అధ్యాయంలో ఉత్తరం రాశాడు. మీరున్న ఆ పట్టణపు క్షేమం కోరండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది అని. ఈ పట్టణం మనది కాదు అనుకుని తలవంచుకు బతకొద్దు. దీని క్షేమం కోరడమంటే దీని గేట్లు ఎవరి మీద మూసుకుంటున్నాయో చూడటం కూడా.

ఆ చెల్లి సంగతి చెప్పి ముగిస్తాను. ఆమె తర్వాత ఆ ఫ్యాక్టరీ వదిలేసింది. కియా వచ్చాక పెనుకొండ వైపు చిన్నా పెద్దా కంపెనీలు చాలా వచ్చాయి కదా, వాటిలో ఒకదానిలో చేరింది. ఉదయం ఊళ్లోకి బస్సు వస్తుంది, సాయంత్రం ఇంట్లో దిగుతుంది. జీతం పాతదానికన్నా గొప్పగా ఏమీ ఎక్కువ కాదు. "అయినా అక్కా, తాళం నా కొంగున ఉంది" అని నవ్వింది. మనిషిని మెషీను దగ్గరికి తీసుకెళ్లడమే కాదు, మెషీనును మనిషి దగ్గరికి తేవడం కూడా సాధ్యమే అని ఆ నవ్వు నాకు చెప్పింది.

మా ఊరి సంఘంలో ఆ మైక్‌సెట్టు ఇంకా ఉంది. గత క్రిస్మస్‌కు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. అదే మైకు పట్టుకుని, ఇవాళ మీకు చెప్పిందంతా వాళ్లకు చెప్పాను. ఆ పిల్ల ముందు వరసలోనే కూర్చుని వింది. అయ్యాక దగ్గరికి వచ్చి, "ఈసారి సరిగా చెప్పినావక్కా" అంది.

దేవుడు మీ పనిని, మీ ప్రయాణాన్ని, మీరు ఇంటికి తిరిగి వెళ్లే దారిని కాపాడును గాక. ఆమెన్.